జారిపడ్డ కట్టరు

బావా, ముందే చెబుతున్నాను, ఇద్దరం బాగానే ఉన్నాం.

ఇంట్లోనే కట్టుకున్న చెక్క చెక్కే మిషను ఉంది కదా, దాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ కదిపే నాలుగు స్టెప్పర్ మోటార్లకీ చిన్న పవర్ సప్లై సరిపోతుందిలే అనుకున్నాను. మా ఆవిడ చెక్కని కోసే కట్టరు కింద పొట్టు దులుపుతుంటే ఆ సప్లై లోడు తట్టుకోలేక ఆగిపోయింది. కట్టరుని పైకెత్తి పట్టుకునే మోటారు పట్టు వదిలేసింది. కట్టరుది వేరే కరెంటు లైను, అది తిరుగుతూనే ఆవిడ చేతి మీదికి జారింది. జాకెట్టు చెయ్యి చిరిగింది, చర్మానికి తగల్లేదు. "ఏం కాలేదు, చూడు" అని వేళ్లన్నీ ఆడించి చూపించింది. నేను పరిగెత్తి ప్లగ్గు పీకేశాను. కుట్టుపని చేసుకునే మనిషి, ఆ వేళ్లే పోయుంటే?

మోటార్ల వైండింగు చేసే మీకైతే తెలుస్తుంది. పైకీ కిందికీ నడిపేదానికి బ్రేకున్న మోటారు వెయ్యాలా? ఒక్కో మోటారు మూడు ఆంపులు లాగుతుంది, మరి ఎంత సప్లై కొనాలి? సప్లై పోతే కట్టరు కూడా ఆగేలా చెయ్యొచ్చా?

అక్క మోకాలి నొప్పి ఎలా ఉంది? పాప జ్వరం తగ్గిందా? ఈ సంగతి అమ్మ చెవిన వెయ్యకండి.

"భయపడితే పనెలా అవుతుంది, స్విచ్చి వెయ్యి" అంటోంది మా ఆవిడ. నిన్న ఆ మాట అంటున్నప్పుడు చూశాను, చేతులు రెండూ వెనక్కి దాచుకుని నిలబడింది. నేను వెయ్యలేదు.

అక్కకి నమస్కారాలు, పాపకి ముద్దులు. మీ మాట వచ్చేదాకా ప్లగ్గు పీకే ఉంచుతాను.

మీ బావమరిది