ఎండకు నల్లబడిన వేళ్లు

నాయనా, నేను మార్కాపురంలో క్షేమంగానే ఉన్నాను. మీకు ఫోను కలవక కార్డు రాస్తున్నాను. మన ఊరి ప్రవీణ్ అన్న నా చేతులు చూసి కంగారుగా ఊరికి బయలుదేరాడు, ఈ కార్డు ఆయన చేతికే ఇస్తున్నాను. ఆయన మాటలకు భయపడవద్దు.

నిన్న కాలేజీ ల్యాబులో గ్లవ్స్ లేకుండా వెండి కరిగిన మందునీళ్లు చేతుల మీద ఒలకబోసుకున్నాను. మామూలు నీళ్లలాగే ఉన్నాయని తుడుచుకుని బయటికి వెళ్తే, ఎండకు వేళ్లన్నీ బొగ్గులా నల్లబడ్డాయి. ఎంత రుద్దినా పోలేదు. చేతులు తీసేస్తారేమోనని ఏడుస్తూ ల్యాబులో మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

"ఏం కాదులే పాపా, మరకే. తోలు మారితే అదే పోతాది. ముందు ఇట్ల చూడు" అంది.

అవే మందునీళ్లలో అంతకుముందు నేను పోసిన తంగేడాకు రసం నా కళ్లముందే కాఫీ రంగుకు తిరుగుతోంది. ఆ ఆకు వెండిని కంటికి ఆననంత సన్నని రేణువులుగా మార్చేసిందట! మన మేకలు కూడా ముట్టని ఆకు, నాయనా! ఏడుపు మరిచి అట్లాగే నిలబడిపోయాను.

ఇంకా ఆకు కావాలి. చేని గట్టున లేతది కోసి, నీడలో ఆరబెట్టి అన్నతో పంపు. చూలు మేక ఈనిందా? చదువు మానిపించమని ఎవరు చెప్పినా వినొద్దు. అమ్మకు ఈ కార్డు వినిపించేటప్పుడు నల్లబడిన వేళ్ల దగ్గర ఆగకుండా చివరిదాకా చదివెయ్యి. ప్రభువు మీకు తోడుండాలి.

నీ కూతురు,
ప్రశాంతి