సబ్బు వచ్చినప్పుడు నల్లగ

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

పొద్దుగాల 10: సకల జనుల సమ్మె షురూ! జగదేవ్‌పూర్ తహశీల్ ఆఫీసుకు మేమే తాళమేసినం. ఎనిమిదేండ్ల నౌకరీల ఇంత తీరిక ఎన్నడు లేదు.

2 గంటలకు: సిద్దిపేట, మా ఇల్లు. కొత్త హెచ్‌డీ టీవీ ముందట. తెలుగుల హెచ్‌డీ ఛానెల్ ఇంక రాలే, హిందీ సిన్మాలదే పెట్టుకుంటున్నం. హీరో గడ్డంల వెంట్రుకలు లెక్కవెట్టొచ్చు! కాని అడ్వర్టయిజ్‌మెంట్లు చూసి చూసి ఇంట్లకు మూడు తీర్ల సబ్బులు, ఒక చెమట వాసన పోగొట్టే డబ్బా, మడిమలు రుద్దే రాయి వచ్చినయి. రాయి నేనే తెచ్చిన.

6 గంటలకు: సమ్మె శిబిరంల సహాయ నిరాకరణ మీద ఉపన్యాసం. మనసుల పడ్డది. ఇంట్ల గూడ సమ్మె! యాడ్లకు సహాయ నిరాకరణ.
ఒకటి: యాడ్ రాంగనే సౌండ్ బంద్.
రెండు: అమ్మతోని కలిపి ఇంట్ల ముగ్గురం గోడ దిక్కు తిరుగాలె.
మూడు: తొంగి చూసుడు లేదు.

మా శ్రీలేఖ అడిగింది: "మరి సిన్మా మల్ల షురువైంది ఎట్ల తెలుస్తది?"

భార్యలు గిసొంటివే అడుగుతరు. జవాబు రేపు.

14 సెప్టెంబర్

జవాబు: గడియారం. నాలుగు నిమిషాలు గోడ, తర్వాత టీవీ. ఇయ్యాల తిరిగేసరికి హీరోయిన్ పెండ్లి అయిపోయింది. ఎవనితోనో తెల్వలే. అయినా గెలుపు మాదే!

17 సెప్టెంబర్

అమ్మ గూడ బుద్ధిగ గోడ దిక్కే కూసుంటుంది. ఆమెకు కుడి కంటి పొర తీయించి నెలయింది. ఆపరేషనంటే భయమని ఏడాది మొత్తుకుంది. "నాది జిమ్మేదారి అమ్మా" అని నేనే ఒప్పించిన. ఎడమది ఇంక మిగిలింది.

20 సెప్టెంబర్

బస్సులు బంద్. బొగ్గు లేక కరెంటు గూడ ఎప్పుడు పోతదో తెల్వది.

ఒక మాట రాయాలె. గోడ మీది లక్ష్మీదేవి పటం అద్దంల టీవీ కొంచెం కనవడుతుంది. ఎర్రగ, తెల్లగ ఏందో మెరుస్తది, గంతే. గది చూసుడు కాదు. నేను దేవుని దిక్కే చూస్తున్న.

22 సెప్టెంబర్

12 గంటలకు: అమ్మ చాయ్ గ్లాసు పక్కకు పెట్టి మెల్లగ అన్నది. "నరేందర్, కండ్లకు రెండు దిక్కుల నల్లగ వస్తుంది కొడుకా. నడుమ మంచిగనే ఉంటది. పక్కలకు తలుపులు దగ్గరేసినట్టయితది."

"ఎప్పుడు?"

"ఒక్కోపారి."

"ఇప్పుడున్నదా?"

"ఇప్పుడు లేదు."

జిమ్మేదారి నాది.

23 సెప్టెంబర్

అమ్మ చెప్పంగ నల్లగ వచ్చిన టైములు రాసిన: 11.10, 11.35, 12.05. ప్రతిసారి మూడు నాలుగు నిమిషాలు. ఒంటిగంట సంది మూడు దాకా కరెంటు లేదు. గప్పుడు ఒక్కపారి గూడ రాలే!

శ్రీలేఖ: "కరెంటు పోతే అత్తమ్మ కండ్లు బాగైతయా?"

"నరాల సంగతి నీకేం ఎరుక?"

ఆమె నా దిక్కు చూసిన చూపు ఈడ రాయను.

24 సెప్టెంబర్

ఆటోలు గూడ బంద్. మాకు డిష్ బిగించిన రిజ్వాన్ స్కూటర్ తెచ్చిండు. అమ్మను ఎనక కూసోవెట్టుకొని కండ్ల దవాఖానకు తీస్కపోయిండు. నేను పక్కపొంటి ఉరికిన.

డాక్టర్ అక్షరాలు చదివిచ్చిండు, మందు చుక్కలేసిండు, లైటేసి చూసిండు. అమ్మ కడపటి వరుస దాకా చదివింది. "కన్ను సక్కగుందమ్మా. నల్లగ వచ్చేటప్పుడు మీరేం చేస్తుంటరు?"

అమ్మ నా దిక్కు చూసింది. తల దించుకుంది. "సబ్బు వచ్చినప్పుడు వస్తది సారు."

"ఆపరేషనైన కంట్ల సబ్బు వడ్డదా!"

"పడలే సారు. సబ్బును చూస్తున్న. సబ్బుకు వస్తది, చాయ్ పత్తాకు వస్తది. కార్లకు రాదు. కార్లు నిండుగ కనవడుతయి."

డాక్టర్ టార్చి కింద పెట్టిండు. తలుపు కాడ రిజ్వాన్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నడు.

"డాక్టర్ సాబ్, గది కన్ను గాదు, టీవీ! కార్లోళ్లు కొత్త కొలతతోని తీసిన్రు, తెర నిండుతది. సబ్బుది పాత టీవీల కొలత, ఎడల్పు తక్కువ. ఛానెలోళ్లు దాన్ని నడుమ పెట్టి రెండు పక్కల నల్ల పట్టీలు ఇడుస్తరు. కొందరైతే పట్టీలు కనవడొద్దని గుంజి సాపుతరు, మనుషులు లావయితరు. నరేందర్ భాయ్, మీకు కనవడలేదా?"

అందరు నా దిక్కు చూసిన్రు. పన్నెండు దినాల సంది నేను గోడను చూస్తున్నానని చదువుకున్న డాక్టర్‌కు ఎట్ల చెప్పాలె?

బయటికొచ్చినంక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీరు గోడ దిక్కు తిరిగినప్పుడు నేను తొంగి చూసిన. నీ సమ్మె చెడగొట్టిన అంటవని చెప్పలే కొడుకా."

కండ్లు పోతున్నయనుకున్నది. అయినా నాకు భయపడి, దేన్ని చూస్తే నల్లగ వస్తదో దాసుకున్నది. నాకు కోపం రావాలె. రాలే. స్కూటర్ పోయినంక దవాఖాన గోడకు ఆనుకొని జెరసేపు నిలవడ్డ.

26 సెప్టెంబర్

అమ్మ భయం పూర్తిగ పోవాలె గద. వైద్యం కోసమే యాడ్లు చూసినం. నియమం తప్పినట్టు గాదు.

సబ్బు వచ్చింది. "ఇప్పుడు నల్లగున్నదా అమ్మా?"

"ఉన్నది."

"నాకూ ఉన్నది!"

ఇద్దరం సప్పట్లు కొట్టినం. తర్వాత చాయ్ పత్తా, పెయింటు, బిస్కెట్లు. పెయింటోళ్లది గుంజిన బొమ్మ, అండ్ల అత్త కోడలు ఇద్దరు వడ్ల గుమ్ములోలె ఉన్నరు. శ్రీలేఖ గూడ కూరగాయలు కోసుడు ఇడిసి వచ్చింది.

సిన్మా షురూ అయింది. అమ్మ ముఖం మాడ్చింది. "తీసెయ్. యాడ్లు ఏడ వస్తున్నయో చూడు."

2 అక్టోబర్

తెర నిండినయి: కార్లు, ఫోన్లు, వజ్రాలు. నల్ల పట్టీలు: సబ్బులు, ఉప్పు, దోమల చుట్టలు. శ్రీలేఖ లిస్టు రాస్తుంది. మొన్న కరెంటు పోతే ముగ్గురం చీకటి తెర ముందట కూసొని యాడ్లు యాది చేసుకున్నం.

శిబిరంల నన్ను అడిగిన్రు: "ఏంది నరేందర్, కనవడుతలేవు?"

"అమ్మకు కండ్ల వైద్యం నడుస్తుంది" అన్న.

25 అక్టోబర్, మంగళవారం

సమ్మె వాయిదా పడ్డది. రేపు దీపావళి, ఎల్లుండి ఆఫీసు. అమ్మ ఎడమ కన్ను గూడ శనివారం ఆపరేషన్ అయింది. ఈసారి నేను ఒప్పియ్యలే. తారీఖు ఆమెనే అడిగింది. బల్ల మీద పండుకుంటు డాక్టర్‌తోని అన్నదట: "జెర మంచిగ చెయ్యి సారు, పాత కొలతయి గూడ సక్కగ కనవడాలె."

సాయంత్రం 5: గట్టి నిర్ణయం. ఎల్లుండి సంది యాడ్లు పూర్తిగ బంద్! ఈసారి తప్పేది లేదు. ఇంట్ల ప్రకటించిన.

అమ్మ నల్ల అద్దాలు సర్దుకున్నది. "ఎల్లుండి ఎన్ని గంటల సంది?"

"పొద్దుగాల ఎనిమిదింటికి."

"గట్లనా. ఇంక చానా టైమున్నది. సౌండ్ పెంచు కొడుకా."