నాలుగు గుర్రాల పగ్గాలు

హేజల్‌కూంబ్, డార్సెట్
1914 ఆగస్టు 20

ప్రియమైన అన్నయ్యకు,

ఏటా మే నెలలో రెండు వారాలు గుడారాల్లో కత్తులు తిప్పి, ముక్కులు ఎర్రగా కమిలి ఇంటికొచ్చే మన ఊరి గుర్రపుదళం కుర్రాళ్ళు, మీరంతా నిజంగానే యుద్ధానికి పోయారు. కోతకి ఒక్క మగాడు మిగల్లేదు. నాన్న ఆపిల్ కల్లు తాగుతూ ఖాళీ గుర్రపుసాల కేసి చూస్తున్నాడు.

ఒక్క మాట అడుగుతాను, కాదనకు. పోరు వచ్చినప్పుడు నలుగురిలో ముగ్గురు గుర్రాలు దిగి ముందుకెళ్తారని, నాలుగోవాడు నాలుగింటినీ పట్టుకుని వెనక గుంటలో ఉంటాడని నువ్వే చెప్పావు. ఆ నాలుగోవాడు మన తమ్ముడు టోబీ కావాలి. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. అమ్మ పోతూ వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. సార్జెంటువి, నువ్వు తలుచుకుంటే అవుతుంది.

నీ చెల్లెలు,
హెస్టర్

శిక్షణ శిబిరం
1914 అక్టోబరు 3

హెస్టర్ చెల్లీ,

సరే, మాట ఇచ్చాను. నువ్వు అడిగావని వాడికి మాత్రం చెప్పలేదు. వాడి మూతి చూడాలి! "నేనేమైనా గుర్రాలకి ఆయానా అన్నయ్యా?" అన్నాడు. నోర్మూసుకుని చెప్పింది చెయ్యమన్నాను. అప్పట్నుంచి పక్క పొలం ట్రాస్క్ మన టోబీని "ఆయాగారూ, పాపలు పాలు తాగారా?" అని ఏడిపిస్తున్నాడు. మన గుర్రం బ్రాంబుల్ మాత్రం వాడి జేబులో ఆపిలు ముక్కల కోసం వెతుకుతూ హాయిగా ఉంది.

మీ అన్న,
ఆంబ్రోస్

అలెగ్జాండ్రియా ఆసుపత్రి
1915 సెప్టెంబరు 12

చెల్లీ,

తొడలో తగిలింది, నడుస్తాను. భయపడకు.

గుర్రాలను ఈజిప్టులోనే వదిలి మమ్మల్ని కాలినడకన గల్లిపోలీ కొండ ఎక్కించారు. ఎండుగడ్డి అంటుకుంది, గాయపడ్డవాళ్ళని లాగలేకపోయాం. మిల్లు వాళ్ళ ఇద్దరు కొడుకులూ, ఫాదరీగారి మేనల్లుడూ పోయారు. మన దళంలో సగం లేదు. గుర్రాలను చూసుకోవడానికి ఆగినవాళ్ళలో టోబీ ఉన్నాడు. నువ్వు అడిగిన మాటే వాణ్ణి బతికించింది హెస్టర్.

వాడు మాత్రం నాతో మాట్లాడటం లేదు.

ఆంబ్రోస్

హేజల్‌కూంబ్
1915 అక్టోబరు 30

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. సగం మిల్లామె కోసం. మిగతా సగం సంతోషంతో, దేవుడు క్షమించుగాక. టోబీ అలిగితే అలగనీ. యుద్ధం అయ్యేదాకా అలగనీ. ప్లమ్ కేకు పంపాను, వాడికి పెద్ద ముక్క పెట్టు.

హెస్టర్

పాలస్తీనా
1917 నవంబరు 20

హెస్టర్,

ఎలా రాయను? మన టోబీ పోయాడమ్మా.

నీకిచ్చిన మాట తప్పాను. ఆ ఉదయం వాడు కాళ్ళావేళ్ళా పడ్డాడు, నా మనసు కరిగి ముందు వరుసలోకి రానిచ్చాను. నవ్వుతూ పరిగెత్తాడు. ఒక్కటే గుండు. బాధ పడలేదు. తప్పంతా నాదే, నన్ను తిట్టుకో. ఏ ముఖం పెట్టుకుని నీ గుమ్మం తొక్కను? యుద్ధం ముగిసినా ఇంటికి రాను. పొలం ఎవరికైనా ఇచ్చెయ్యమని నాన్నతో చెప్పు.

ఆంబ్రోస్

హేజల్‌కూంబ్
1918 ఫిబ్రవరి 9

నా ప్రియమైన అన్నయ్యకు,

నిన్న ట్రాస్క్ వచ్చాడు. కుడి చెయ్యి లేదు. టీ చల్లారిపోయేదాకా కూర్చుని నిజం చెప్పాడు.

ఆ ఉదయం టోబీ కాళ్ళావేళ్ళా పడ్డ మాట నిజమే. నువ్వే ఒప్పుకోలేదట. ముందుకెళ్ళిన మీ ముగ్గురూ బతికారు. ఫిరంగి గుండ్లు పడింది వెనక గుంటలో, గుర్రాల మీద. గుర్రం బెదిరితే ఈడ్చుకుపోతుంది, పగ్గాలు మణికట్టుకి చుట్టుకోకూడదని చిన్నప్పుడు వాడి వీపు మీద వాయించి మరీ నేర్పావే, ఆ రోజు నాలుగు గుర్రాల పగ్గాలూ చుట్టుకునే ఉన్నాడట. "గుర్రాలను కూడా పట్టుకోలేడు అనిపించుకోను" అన్నాడట పక్కవాడితో. బ్రాంబుల్ వాడి మీదే పడిపోయిందట. అది చెబుతూ ట్రాస్క్, "ఆయాగారని ఏడిపించింది నేనే హెస్టర్" అని భోరుమన్నాడు.

నా కోరికే వాణ్ణి చంపిందని నాకు తెలియకూడదని కదా, తప్పు నీ నెత్తిన వేసుకున్నావు? పిచ్చి అన్నయ్యా!

ఇంకొకటి ఉంది, అది నీకు తెలియదు. నిరుడు మార్చిలో టోబీ నాకు రాశాడు. "అక్కా, నన్ను వెనక నిలబెట్టించింది నువ్వేనని కనిపెట్టాను. అన్నయ్య నీ మాట తప్ప ఎవరి మాటా వినడు. ఇక చాలని ఒక్క ముక్క రాయవూ? సగం ఊరు చచ్చిపోయింది, నేను గడ్డి వేస్తూ బతికాను. వాళ్ళ అమ్మల ముఖం ఎలా చూడను?" నేను ఆ సంగతి ఎత్తకుండా కోళ్ళ గురించి, కొత్త దూడ గురించి రాసి, రెండు జతల మేజోళ్ళు పంపాను. వాడి ఉత్తరం పిండి డబ్బా వెనక దాచాను. నీకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఉత్తరం దీంతో పంపుతున్నాను. చదివి, తిట్టాలనిపిస్తే ఇంటికొచ్చి నన్ను తిట్టు. కాగితం మీద వద్దు. వాడి గురించి మాట్లాడుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? పొలం ఎవరికీ ఇవ్వడం లేదు. గుమ్మంలో నీ పాత బూట్లు అక్కడే ఉన్నాయి, టోబీవి పక్కనే ఉన్నాయి. వాటిని తీయడానికి నా ఒక్కదానికి చేతులు రావడం లేదు. రా.

నీ చెల్లెలు,
హెస్టర్