ముసురు రోజున ఎర్రజెండా

బెర్గెన్

తోరున్ అక్కకు,

నేను బాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది. పోయిన నెల నేను పంపిన రేవు వీధి ఫొటో కార్డును, అదే నేను అచ్చేసి అమ్మేదాన్ని, నీ కొట్లో గోడకు పెట్టావట. తీసెయ్యి.

ఆ ఫొటో తీసిన రోజంతా ముసురు. నేనే కంప్యూటర్లో ఆకాశానికి నీలం పూసి, ఇళ్లకు పసుపు పెంచి, ఒక ఇంటి ముందున్న జెండా ఎరుపును ధగధగలాడించాను. నిన్న ఆ ఇంటి బోర్గిల్డ్ పెద్దమ్మ ఆ కార్డు పట్టుకుని వచ్చింది.

"ఇంత ఎండ ఎక్కడిదమ్మా? మా ఆయన్ని పాతిపెట్టిన రోజిది. జెండా సగంలోనే ఉంది, చూడలేదా?" అంది. కోపంగా అన్నా బాగుండేది.

చావింటి జెండాను సగానికే ఎగరేస్తారని మన ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. నేను ఎరుపు తప్ప ఏమీ చూడలేదక్కా.

"రంగులు వెయ్యనిది ఉంటే ఒకటి ఇవ్వు. ఆ రోజు ఏడుపులో నేనేమీ సరిగ్గా చూళ్లేదు" అంది. ఇచ్చాను.

పొగగొట్టం బాగుచేయించావా? ఉన్ని మేజోళ్లు పంపు, నావి చిరిగాయి. బావను అడిగానని చెప్పు.

ఈ కార్డు మీదున్నదీ ఆ ముసురు ఫొటోయే. గోడకు దీన్ని పెట్టు.

నీ చెల్లెలు
రాగ్న