మాజీ సైనికుల లాటరీకి ఒక చవక పిస్టల్

మిల్‌ఫోర్క్, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 20, 1996

అమ్మాయీ మార్తా,

నేను కులాసా. మోకాలు మాత్రం నా మాట వినడం లేదు. అసలు సంగతి రాస్తున్నాను, చించేయకుండా చివరిదాకా చదువు.

మా మాజీ సైనికుల హాలు వాళ్లు మే నెలాఖరు పిక్నిక్‌లో ఏటా నిజం పిస్టల్‌ని లాటరీ పెడతారు, నువ్వు ఏటా పిట్స్‌బర్గ్ పత్రికలో తిట్టిపోస్తావు. ఈసారి మీటింగులో లేచి, దాని నకలు పెడదామని వాదించాను. మేం యుద్ధంలో మోసిన పాత ఫార్టీఫైవ్ పిస్టల్ లాంటిదే, పేలదంతే. ఒక్క ఓటుతో నెగ్గాను. మా కోశాధికారి గస్ పటాకీ ఒక మెలిక పెట్టాడు: "టికెట్లు అమ్ముడుపోకపోతే వచ్చే ఏడు మళ్లీ నిజందే, ఎమిల్. నువ్వు నోరెత్తడానికి లేదు."

కేటలాగులో రబ్బరుది, ప్లాస్టిక్‌ది, లోహంతో పోత పోసినది ఉన్నాయి. చవగ్గా ఉండాలి, ముసలాళ్లు వంక పెట్టకూడదు. ఏది కొనమంటావు?

నీ నాన్న

తా.క.: రబ్బరుది చూద్దామని తెప్పించాను. మన కుక్కకి బాగా నచ్చింది. ఇక వాపసు ఇవ్వడం కుదరదు.

పిట్స్‌బర్గ్, ఏప్రిల్ 25

నాన్నా,

చించలేదు. ఉండచుట్టి పారేసి, మళ్లీ తీసి సాపు చేశాను.

చంపే వస్తువుని బహుమతి అనడానికి మీకు నోరెలా వస్తుంది? నకలైతే పాపం లేదా? బొమ్మ పిస్టల్ పట్టుకున్న పిల్లాణ్ణి చూసి పోలీసువాడు కాలిస్తే, ఆ గుండు కూడా నకలేనా? దేశభక్తి చాటుకోడానికి మీ హాలుకి ఇంకో వస్తువే దొరకలేదా?

సరే, ఎలాగూ కొంటావు. బొమ్మని తెలిసేలా, చట్టం చెప్పినట్టు గొట్టం మూతికి నారింజ రంగు బిరడా ఉన్నదే కొను. అది కనిపిస్తే లోపలికొచ్చి నీ పక్కన కూచుంటాను. నిజం పిస్టల్ కనిపించిందో, తుపాకులు వద్దనే మా సంఘం ఆడవాళ్లందరం నినాదాల అట్టలు పట్టుకుని మీ గుమ్మం ముందే నిలబడతాం.

మార్తా

తా.క.: నువ్వు మీటింగులో లేచి వాదించావంటే గర్వంగా ఉంది. ఈ ముక్క గస్‌కి చదివి వినిపించకు.

మిల్‌ఫోర్క్, మే 18

అమ్మాయీ,

లోహందే కొన్నాను. పైభాగం వెనక్కి లాగితే టకామంటుంది. గొట్టం లోపల పూడ్చేసి ఉంది, గుండు కాదు కదా చీమ కూడా దూరదు. పిడికి చెక్క పలకలు వచ్చాయి. "మనవి గోధుమరంగు ప్లాస్టిక్‌వి కదరా, ఇదేం పిస్టల్!" అని ఒకడు లేచాడు. ఆ గొడవలో బీరు చల్లదనం పోయింది. పలకలు మార్పించాను.

తర్వాత నారింజ మూతి మీద పడ్డారు. "ఏంట్రా ఎమిల్, క్యారెట్ కరుచుకున్న బాతులా ఉంది. దీనికెవడు టికెట్ కొంటాడు?" అన్నాడు గస్. నిజంగానే టికెట్లు కదలడం లేదు. నాకు దిగులు పట్టుకుంది. చివరికి ఒక ఉపాయం తట్టింది, అందరి నోళ్లూ మూతపడ్డాయి. రా, చూద్దువుగాని.

నీ నాన్న

తా.క.: పిక్నిక్‌కి బంగాళాదుంప కూరిన పియరోగీలు నేనే చేస్తున్నా. వాటిలో మాత్రం నకలు ఉండదు.

పిట్స్‌బర్గ్, మే 28

ఎమిల్ హ్రబాక్ గారికి,

ఇదా మీ ఉపాయం! అద్దాల పెట్టెలో, తోలు ఒరలో, నిజం పిస్టల్! నారింజ రంగు మచ్చుకైనా లేదు. "ఇది అసలుదేనా?" అని గస్‌ని నిలదీస్తే, "యుద్ధంలో మోసినదానికి వెంట్రుకవాసి తేడా లేదు తల్లీ" అని మీసం దువ్వాడు. అందుకే బయటే నిలబడ్డాం. అందుకే నీతో మాట్లాడకుండా వచ్చేశాను.

అది ఏ తాగుబోతు ఇంటికో చేరకూడదని మిగిలిన టికెట్లన్నీ మేమే కొనేశాం. మా ఈడిత్ క్రోవెల్‌కి తగిలింది. ఈగని కూడా కిటికీ తీసి సాగనంపే ముసలి లైబ్రేరియన్ ఆవిడ! పిస్టల్ ఇప్పుడు ఆవిడ బ్రెడ్ డబ్బాలో ఉంది. ముట్టుకోవాలంటే అందరికీ వణుకు. శుక్రవారం డబ్బాతో సహా పోలీసులకిచ్చి కరిగించేస్తాం.

మార్తా

తా.క.: పియరోగీలు మావాళ్లు మారు అడిగి తిన్నారు. దాన్ని రాజీ అనుకోవద్దు.

మిల్‌ఫోర్క్, మే 30

తల్లీ,

పోలీసుల దగ్గరికి వెళ్లే ముందు దాన్ని ఒరలోంచి తీసి చూడండి. నారింజ మూతి అక్కడే ఉంది. నా ఉపాయమల్లా ఆ ఒరే.

మీరు గుమ్మం ముందు నిలబడగానే చెబుదామని లేచాను. ఇంతలో మీ కేకలకి రోడ్డు మీద కార్లు ఆగాయి. "ఏంటట గొడవ?" అంటూ జనం దిగారు. టికెట్ల బల్ల ముందు వరస కట్టారు. ఆ వరసలో నువ్వూ కనిపించావు. ఇక చెప్పకుండా మళ్లీ కూచున్నాను.

నకలు కూడా తప్పే అన్న నీ మాటని కాదనను. కానీ హాలు పుట్టాక ఇన్ని టికెట్లు ఎన్నడూ పోలేదట. నిజం పిస్టల్ ఇక ఎప్పటికీ వద్దని నిన్న ఓటేశారు. ఒక్క ఓటుతో కాదు, అందరూ చేతులెత్తారు. ఇన్నేళ్ల నీ వ్యాసాలు చెయ్యలేనిది నీ కోపం ఒక్క పూటలో చేసింది. నా మీద కోపం ఉంటుంది, తెలుసు. ఆదివారం వచ్చి ఎదురుగా కూచుని తిట్టు.

నీ నాన్న

తా.క.: గస్ ఇంకో తీర్మానం పెట్టాడు, అదీ నెగ్గింది. వచ్చే ఏడు లాటరీకి మీ నిరసన తప్పనిసరి. ఈడిత్ గారికి నీడలో కుర్చీ, మీ అట్టల ఖర్చు హాలుది.