కుడికాలు ఇంకా డ్యూటీలోనే ఉంది

జూన్ 4
మా ఆవిడ పోరు పడలేక ధ్యానం క్లాసులో చేరాను. టీచరమ్మకు నా మనవరాలి వయసుంటుంది. ఏడాదిగా చక్రాలున్న ఏ బండీ ఎక్కలేని మాజీ బస్సు డ్రైవర్‌కి ఇక్కడ కదలకుండా కూర్చోవడం నేర్పుతారట. నా జబ్బే అదమ్మా అందామనుకుని ఊరుకున్నాను.

జూన్ 5
టీచరమ్మ గంట ఒకసారి మోగించి, ఒళ్ళంతా వదిలెయ్యండి తాతగారూ అంది. ఒళ్ళంతా వదిలింది. కుడికాలు మాత్రం ఠక్కున ముందుకు తన్ని, ముందు కూర్చున్న బ్యాంకు మేనేజర్ గారి నడుముకు తగిలింది. ఆయన కళ్ళు తెరవకుండానే నన్నో మాట అన్నాడు.

జూన్ 8
కాలు గురించి రాయాలంటే బస్సు గురించి రాయాలి. బస్సంటే నా మొదటి బస్సు నుంచీ మొదలుపెట్టాలి. దాని హారన్ జలుబు చేసిన మేకలా... సరే, వద్దు.

పోయిన ఏడాది వంతెన మీద లారీ ఎదురొచ్చింది. స్టీరింగ్ పక్కకు తిప్పాను. రెయిలింగ్ విరిగి, ముందు చక్రం గాల్లో ఉండగా బస్సు ఆగింది. కండక్టర్ బెల్లు ఒకసారి కొట్టాడు. ఒకసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనివ్వు. మా వృత్తిలో అంతే చదువు. అందరూ వెనక తలుపులోంచి దిగేదాకా బ్రేక్ తొక్కిపెట్టి ఉంచాను. తర్వాత నన్ను ఎవరో చంకలు పట్టి లాగేశారు.

జూన్ 9
ఇదంతా విని టీచరమ్మ, కాలితో పోట్లాడకండి, అదేం చేస్తోందో ఊరికే గమనించండి అంది. గమనించాను. వేళ్ళు, మడమ, పిక్క. ఆ కాలు భయపడటం లేదు. పని చేస్తోంది. అందరూ దిగారని దానికి ఎవరూ చెప్పలేదు.

జూన్ 10
ఎల్లుండి మా ఆవిడ కంటి ఆపరేషన్. ఆస్పత్రి ఊరికి అవతలి చివర. పక్కింటామెతో వెళ్తాలే, మీరూ మీ కాలూ ఇంట్లో ఉండండి అంది. వెటకారంగా అన్నా బాగుండేది. జాలిగా అంది.

జూన్ 11
ఆనాటి కండక్టర్‌ని క్లాసుకు రమ్మన్నాను. లావయ్యాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళందరినీ టికెట్ తీసుకోనివాళ్ళను చూసినట్టు చూశాడు. టీచరమ్మ గంట అందుకుని ఒకసారి కొట్టాడు. నా కాలు బిగిసింది. చాలాసేపటికి, అందరూ దిగిపోయారన్నా, అన్నాడు మెల్లగా. రెండుసార్లు కొట్టాడు.

పిక్క వణికింది. మడమ లేచింది. మేనేజర్ గారు ముందుజాగ్రత్తగా పక్కకు జరిగారు.

జూన్ 12, ఉదయం, బస్సులో
మా ఆవిడ నా భుజం మీద కునుకు తీస్తోంది. ఈ డ్రైవర్ కుర్రాడు బ్రేక్ కాస్త ఆలస్యంగా వేస్తున్నాడు. నేను చూసుకుంటున్నాను.