మూగబోయిన పెట్టె

జూలై, గురువారం. ఇన్వర్‌కార్గిల్, న్యూజిలాండ్.

కళ్లు మూసుకున్నా ఆ ఎర్ర వెలుగే కనిపిస్తోంది. ఫైబర్ తీగ కొసన కుంకుమ బొట్టంత వెలుగు.

మూర్తి అంకుల్ జపాన్ నుంచి దిగిన పాత కారు కొన్నారు. వాహనపూజ కొబ్బరినీళ్లు చెంబులో పట్టి డిక్కీలో పెట్టారు. అవి ఒలికి అక్కడున్న టీవీ పెట్టె తడిసింది. పాటలు రావడం లేదని కారును ఇవాళ నా వర్క్‌షాపుకు తెచ్చారు. జపాన్ ఛానెళ్ల కోసం పెట్టింది, ఇక్కడ దేనికీ పనికిరాదు. కానీ ఆ కారులో పాటలకొకటి, ఫోనుకొకటి ఇలాంటి పెట్టెలుంటాయి; ఫైబర్ తీగలో వెలుగు ఒక్కో పెట్టెనూ దాటుకుంటూ గుండ్రంగా తిరగాలి. ఒకటి మూగబోతే పాటలు, ఫోను, అన్నీ మూగబోతాయి.

"పూజలో ఏమైనా పొరపాటు జరిగిందంటావా అమ్మా?"

"లేదంకుల్, చెంబు ఒలికింది, అంతే."

పెట్టె తీసేసి ఫైబర్ కొసలు రెండూ కలిపాను. అది ఇక లేదని లాప్‌టాప్‌తో కారుకు చెప్పాను. వెంటనే పాట మొదలైంది. ఆ పెట్టెను కారు ఎంత తేలిగ్గా మర్చిపోయిందో!

ఆదివారం నుంచి నేను అలిగి ఇంట్లో మాట్లాడటం లేదు. ఇల్లంతా మూగబోతుందనీ, ఎవరో ఒకరు బతిమాలతారనీ అనుకున్నాను. సాయంత్రం తలుపు తీసేసరికి మా ఆయనా, పాపా ఏదో చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు.

వంటింట్లో గిన్నె కావాలనే చప్పుడయ్యేలా పెట్టాను. నవ్వు ఆగలేదు...